గోరంత ముక్క, కొండంత నిజం

ఈ మధ్య మాథ్యూ ఆల్జియో రాసిన 'ది ప్రెసిడెంట్ ఈజ్ ఎ సిక్ మ్యాన్' అనే పుస్తకం చదివాను. 2011లో వెలువడిన పుస్తకం. నా చేతికి ఆలస్యంగా వచ్చింది. 1893 జులై 1న అమెరికా అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ పైదవడలో కొంత భాగాన్ని, నీటి మీద నడుస్తున్న ఒక విహారనౌకలో, దేశానికి తెలియకుండా కోసి తీసివేసిన ఉదంతం ఇందులోని వస్తువు. రాజకీయమూ, రహస్యమూ, ఆ రహస్యాన్ని బయటపెట్టి అబద్ధాలకోరు అనిపించుకున్న ఒక విలేకరి దురదృష్టమూ కలిసి పుస్తకాన్ని చివరిదాకా చదివిస్తాయి. అయితే నా వృత్తి నన్ను వేరొక చోట ఆపింది. ఆ శస్త్రచికిత్సకు ముందు అధ్యక్షుడి అంగిలి నుంచి ఒక చిన్న ముక్క తీసి, ఎవరిదో చెప్పకుండా, పరీక్షకు పంపారు. అక్కడ పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

నేను కత్తి పట్టే వైద్యుణ్ణి కాను. ఇతరులు కోసి పంపిన ముక్కలను సూక్ష్మదర్శిని కింద చూసి, ఇది ఫలానా అని రాసి సంతకం చేసే పాథాలజిస్టును. ఇంగ్లండులో ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్ళుగా ఇదే పని. ఏటా దంతవైద్య విద్యార్థులకు ఒక గంట పాఠం చెప్పే బాధ్యత కూడా నా మీద ఉంది: నోట్లో మానని పుండు నుంచి ముక్క ఎలా తీయాలి, ఎలా పంపాలి. కోసే తీరు వాళ్ళకు శస్త్రవైద్యులు నేర్పుతారు. ఆ కోసినది నా బల్ల మీదికి చేరేసరికి దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాకుండా పోతుందో నేను చెబుతాను. పరికరాల పేర్లు వాళ్ళకు ఎలాగూ గుర్తుంటాయి. అందుకని నా గంటలో ఎక్కువ భాగం చరిత్రే ఉంటుంది. ఆ చరిత్రలో కొంత ఇక్కడ రాస్తున్నాను.

బయాప్సీ అనే మాటను 1879లో ఎర్నెస్ట్ బెనియే అనే ఫ్రెంచి చర్మవైద్యుడు ప్రయోగంలోకి తెచ్చాడు. గ్రీకులో బయోస్ అంటే జీవం, ఆప్సిస్ అంటే చూపు. చచ్చిన దేహాన్ని కోసి చూసే శవపరీక్షకు ఎదురుగా, బతికున్న దేహం నుంచి తీసి చూడడం అని అర్థం. అంతకు ముందు వైద్యుడికి ఉన్న ఆధారాలు కన్నూ, వేలూ. పుండు అంచు గట్టిగా తగిలితే రాచపుండు అనేవారు, మెత్తగా తగిలితే ఆగి చూద్దామనేవారు. వేలు పొరపడితే మంచి నాలుక కత్తికి బలయ్యేది, లేదా చెడ్డ పుండు మరో ఆరు నెలలు పెరిగేది. 1858లో రుడాల్ఫ్ విర్కో జబ్బు పుట్టేది కణంలోనేనని ప్రతిపాదించి, ఆ ఆలోచనను గ్రంథంగా ప్రకటించిన తరువాత, జబ్బును వెతకవలసిన చోటు మారింది. 1893లో ఫెర్డినాండ్ బ్లూమ్ ఫార్మాల్డిహైడుకు కణజాలాన్ని చెడకుండా నిలిపే గుణం ఉందని గమనించాడు. ఆ తరువాత ముక్క కుళ్ళకుండా ఊరి నుంచి ఊరికి ప్రయాణం చేయడం సులువైంది. 1905లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో లూయీ విల్సన్ కణజాలాన్ని గడ్డకట్టించి, రోగి ఆపరేషన్ బల్ల మీద ఉండగానే జవాబు చెప్పే పద్ధతిని రూపొందించాడు. 1930లో న్యూయార్కులో హేస్ మార్టిన్, ఎడ్వర్డ్ ఎల్లిస్ అనే ఇద్దరు సూదితో కణాలను పీల్చి చూడడం గురించి రాశారు. పద్ధతుల చరిత్ర ఇంత క్లుప్తంగా చెప్పవచ్చు. ఆ పద్ధతులకు ఎవరి నోళ్ళు దొరికాయో, ఆ నోళ్ళ యజమానులకు ఏమి చెప్పారో మాత్రం ఒక్క పేరాలో చెప్పేది కాదు.

అమెరికా అంతర్యుద్ధంలో గెలిచిన సేనాపతి, మాజీ అధ్యక్షుడు యులిసిస్ గ్రాంట్ 1884 వేసవిలో ఒక పీచ్ పండు కొరికి, గొంతులో పొడిచినట్టుందని విలవిలలాడాడు. అప్పటికి ఎన్నో ఏళ్ళుగా ఆయన నోటినుంచి సిగారు దిగింది లేదు. అక్టోబరులో గొంతు వైద్యుడు జాన్ డగ్లస్ చూశాడు. ఇది కేన్సరేనా అని గ్రాంట్ సూటిగా అడిగితే, జబ్బు తీవ్రమైనదనీ, పైపొరకు సంబంధించినదనీ, కొన్నిసార్లు నయమవుతుందనీ చెప్పాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూశాక అనుమానం తీరిపోయింది. కత్తితో చేయగలిగింది లేదు. కాని తనకు మిగిలిన కాలం ఎంతో గ్రాంటుకు తెలుసు. ఒక మోసగాడి చేతిలో సర్వస్వం పోగొట్టుకున్న మనిషి, భార్యకు ఏదైనా మిగల్చాలని ఆత్మకథ రాయడానికి కూర్చున్నాడు. మార్క్ ట్వేన్ ప్రచురణ బాధ్యత తీసుకున్నాడు. 1885 జులై 23న కన్నుమూయడానికి కొద్దిరోజుల ముందే పుస్తకం పూర్తయింది. అమెరికన్ గద్యంలో నిలిచిన పుస్తకాల్లో అదొకటి. నిజం తెలిసిన రోగి మిగిలిన రోజులతో ఏమి చేయగలడో చూపడానికి ఇంతకన్న నాకు ఉదాహరణ దొరకలేదు.

రెండేళ్ళ తరువాత జర్మనీలో ఇందుకు విరుద్ధంగా జరిగింది. యువరాజు ఫ్రెడరిక్ గొంతు 1887 జనవరి నుంచి బొంగురుపోయింది. ఎడమ స్వరతంత్రి మీద ఒక చిన్న బుడిపె కనిపించింది. గొంతు తెరిచి తీసివేయాలని శస్త్రవైద్యుడు బెర్గ్‌మన్ అన్నాడు. ఇంగ్లండు నుంచి రప్పించిన మోరెల్ మకెంజీ, ముందు ముక్క తీసి చూద్దామన్నాడు. ఆ మాట ఎంత సబబైనదో చెప్పనక్కరలేదు. మే, జూన్ నెలల్లో ముక్కలు తీశాడు. చూసినవాడు మరెవరో కాదు, విర్కోయే. ఆ ముక్కల్లో కేన్సర్ లేదని రాశాడు. తాను చూసిన ముక్కలను బట్టి మొత్తం జబ్బు గురించి ఖాయంగా చెప్పలేననీ రాశాడు. మొదటి మాటను రాజకుటుంబం ఊరటగా పట్టుకుంది. రెండో మాట కాగితం మీద ఉండిపోయింది. మకెంజీకి సర్ బిరుదం వచ్చింది. నవంబరు నాటికి కేన్సరేనని అందరూ ఒప్పుకోక తప్పలేదు. ఫ్రెడరిక్ 1888 మార్చిలో చక్రవర్తి అయ్యేటప్పటికే మాట లేదు. గొంతులో గొట్టంతో, కాగితం మీద రాసి చూపుతూ 99 రోజులు ఏలి, జూన్ 15న చనిపోయాడు. శవపరీక్షలో విర్కో కేన్సరును చూశాడు.

విర్కో తప్పు చదివాడా, లేక మకెంజీ పటకారు జబ్బు లేనిచోట కరిచిందా అని వైద్య చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. నా విద్యార్థులకు ఆ వాదం అవసరం లేదు. 'లేదు' అని వచ్చిన జవాబు ఆ ముక్కకు సంబంధించినదే గాని మనిషికి సంబంధించినది కాదు అన్న ఒక్క సంగతి తెలిస్తే చాలు. పుండు చూస్తే కేన్సరులా ఉంది, కాగితం కాదంటోంది అన్నప్పుడు, కాగితాన్ని పక్కన పెట్టి మళ్ళీ ముక్క తీయాలి.

ఈ మాట నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. 1993లో ఉత్తరాంధ్రలోని ఒక పెద్దాసుపత్రిలో హౌస్ సర్జనుగా ఉన్నాను. సముద్రం ఒడ్డున ఒక పల్లె నుంచి అరవై దాటిన ఒక మత్స్యకారుల ఇంటి ఆడమనిషి వచ్చింది. అంగిలి మీద రూపాయి బిళ్ళంత పుండు. ముక్క తీయమని పెద్దవారు నాకు పురమాయించారు. అది నా మొదటి బయాప్సీ. పుండు నడుమ మెత్తగా, కత్తికి సులువుగా లొంగేటట్టుంది; నెత్తురు కూడా అంతగా రాదు. అక్కడే తీశాను. చచ్చిన కణజాలం, చుట్టూ వాపు, కేన్సర్ కనిపించలేదు అని జవాబు వచ్చింది. నాకు సంతోషం కలిగింది. పుక్కిలించే మందూ, మాత్రలూ రాసిచ్చి పంపాను. మూడు నెలలకు తిరిగి వచ్చేసరికి పుండు ఎముకను తినేసింది. తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తున్నాయి. ఈసారి పెద్దవారే అంచు నుంచి తీశారు. జవాబు గురించి చెప్పవలసిన పని లేదు.

పుండు నడుమ ఉండేది చచ్చిన పదార్థం. కేన్సర్ బతికి పాకుతూ ఉండేది అంచుల్లో. మంచి చర్మమూ చెడ్డ చర్మమూ కలిసే చోట, రెండూ వచ్చేటట్టు, పైపైన గీకకుండా లోతుగా తీయాలి. చెడ్డకణాలు తమ పొర దాటి కిందికి దిగాయా లేదా అన్నదే నేను చూసేది. ఆ కింది భాగం ముక్కలో లేకపోతే నేను చూసేదేముంది? మత్తుమందును పుండులోకి కాక చుట్టూ ఎక్కించాలి. పటకారుతో ముక్కను నలపరాదు. నలిగిన కణాలు సిరా ఒలికిన అక్షరాల్లా ఉంటాయి. తెల్లమచ్చలో ఎర్రని భాగం ఉంటే ఆ ఎరుపులోంచి తీయడం మరువరాదు. చిన్న కాయ అయితే మొత్తం తీసివేయవచ్చు. కేన్సరని అనుమానం ఉన్న పెద్దపుండును మాత్రం కొంత తీసి చూడాలి గాని, తొందరపడి అంతా తీస్తే తరువాత వచ్చే శస్త్రవైద్యుడికి హద్దులు తెలియవు. దవడ ఎముక లోపలి తిత్తులను కోసే ముందు సూదితో పీల్చి చూడాలి. నెత్తురే వస్తే కత్తిని దూరం పెట్టాలి. ఇవన్నీ కలిపితే ఒక పుట. ఆ పుట నాకు తెలియకపోవడం వల్ల ఆవిడకు మూడు నెలలు నష్టమయ్యాయి.

ఇక క్లీవ్‌లాండ్. 1893 జూన్‌లో ఆయన పైదవడ ఎడమవైపు ఒక గరుకు పుండు బయటపడింది. ఆయనా సిగారు ప్రియుడే. వైద్యుడు ఓరీలీ ముక్క తీసి, పేరు చెప్పకుండా, సైనిక వైద్య ప్రదర్శనశాలకు పంపించాడు. అక్కడివారు కేన్సర్ లక్షణాలున్నాయన్నారు. దేశం అప్పటికే ఆర్థిక సంక్షోభంలో ఉంది. వెండి నాణేల వివాదంలో ఉపాధ్యక్షుడిది అధ్యక్షుడికి ఎదురు పక్షం. అధ్యక్షుడికి కేన్సర్ అని తెలిస్తే బజారు కూలిపోతుందన్న భయంతో ఒక మిత్రుడి విహారనౌక ఒనీడాను శస్త్రశాలగా మార్చారు. జోసెఫ్ బ్రయంట్ నాయకుడు. ఫిలడెల్ఫియా నుంచి ప్రసిద్ధ శస్త్రవైద్యుడు విలియం కీన్ వచ్చాడు. హాస్‌బ్రూక్ అనే దంతవైద్యుడు మత్తు ఇచ్చి రెండు పళ్ళు ఊడబెరికాడు. మీసం మీద గాటు పడకుండా నోటిలోపలి నుంచే ఎడమ పైదవడలో పెద్ద భాగం తీసేశారు. రెండు వారాల తరువాత అనుమానం ఉన్న మరికొంత తీశారు. కేసన్ గిబ్సన్ అనే మరో దంతవైద్యుడు గట్టి రబ్బరుతో చేసి ఇచ్చిన అంగిలి పెట్టుకుంటే మాట మునుపటిలాగే ఉండేది. విషయం హాస్‌బ్రూక్ ద్వారా బయటికి పొక్కింది. ఆగస్టులో ఎడ్వర్డ్స్ అనే విలేకరి ఫిలడెల్ఫియా ప్రెస్ పత్రికలో ఉన్నదున్నట్టు రాశాడు. అధ్యక్షుడి పక్షంవారు పంటినొప్పి తప్ప మరేమీ లేదన్నారు. 1917లో, క్లీవ్‌లాండ్ పోయిన తొమ్మిదేళ్ళకు, కీన్ స్వయంగా వ్యాసం రాసేవరకూ ఎడ్వర్డ్స్ మీది నింద పోలేదు.

ఆ దవడ ముక్క ఇప్పటికీ ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ ప్రదర్శనశాలలో ఉంది. దాన్ని ఆధునిక పద్ధతుల్లో తిరిగి పరీక్షించి, పులిపిరిలా పైకి పెరుగుతూ, మెల్లగా వ్యాపించే ఒక రకం కేన్సర్ అని 1980లో ప్రకటించారు. ఈ రకాన్ని లారెన్ ఆకర్‌మన్ 1948లో విడిగా గుర్తించి వర్ణించాడు. 1893లో దానికి పేరే లేదు. క్లీవ్‌లాండ్ ఆ తరువాత పదిహేనేళ్ళు ఎందుకు బతికాడో అప్పుడు అర్థమయింది. లోతు లేని ముక్కలో ఈ కేన్సర్ ఉత్త పులిపిరిలా కనిపించి మమ్మల్ని మోసం చేస్తుంది. ఇందులో నన్ను ఆకట్టుకున్నది మరొకటి ఉంది: ఆ ముక్కకు లోకం దృష్టిలో పేరు లేదు; కాని దాని యజమానికి జరుగుతున్నదేమిటో తెలుసు. నిజాన్ని దేశం నుంచి దాచారు, రోగి నుంచి దాచలేదు.

సిగ్మండ్ ఫ్రాయిడ్ విషయంలో సరిగ్గా తలకిందులైంది. 1923లో ఆయన అంగిలి కుడివైపున ఒక మచ్చ కనిపించింది. రోజుకు ఇరవై సిగార్లు తాగే మనిషి. స్నేహితుడైన వైద్యుడు ఫెలిక్స్ డాయిచ్ చూడగానే కేన్సరని గ్రహించి, వట్టి తెల్లమచ్చ అని చెప్పాడు. ఏప్రిల్‌లో హాయెక్ అనే వైద్యుడు దాన్ని తీశాడు. ఇంటికి వెళ్ళిపోవచ్చనుకున్న చిన్న పని. నెత్తురు ఆగలేదు, అదే గదిలో ఉన్న మరో రోగి పరుగెత్తి సాయం పిలవకపోతే ఫ్రాయిడ్ కథ ఆ రోజే ముగిసేది. పరీక్షలో కేన్సరని తేలింది. ఫ్రాయిడ్‌కు చెప్పలేదు. శిష్యులందరూ కూడి చెప్పాలా వద్దా అని చర్చించుకున్నారు. మనిషి మనసు దాచుకున్నదాన్ని బయటికి లాగడమే జీవితకార్యంగా పెట్టుకున్నవాడి చుట్టూ చేరి, ఆయన నోట్లోని సంగతిని ఆయన నుంచే దాచారు. అక్టోబరులో హాన్స్ పిష్లర్ కుడి పైదవడ తీసేశాడు. నవంబరులో మరో ముక్క పరీక్షిస్తే ఇంకా మిగిలి ఉందని తేలింది. ఆ రోజే మళ్ళీ కత్తి. ఆ తరువాత పదహారేళ్ళలో ముప్ఫైకి పైగా శస్త్రచికిత్సలు. చాలా ఏళ్ళకు, లండన్‌లో, ఆనాడు దాచిన సంగతి ఎర్నెస్ట్ జోన్స్ చెబితే, ఏ హక్కుతో దాచారని ఫ్రాయిడ్ మండిపడ్డాడట. డాయిచ్ తరువాత వచ్చిన మాక్స్ షూర్ దగ్గర మొదటిరోజే ఆయన మాట తీసుకున్నాడు: నాకు ఎన్నడూ అబద్ధం చెప్పకూడదు. షూర్ ఆ మాట 1939 సెప్టెంబరులో చివరి గంట వరకూ నిలబెట్టుకున్నాడు.

గ్రాంట్, క్లీవ్‌లాండ్, ఫ్రాయిడ్ ముగ్గురిదీ ఒకే ఆకు. ఇంగ్లీషువాళ్ళు చెరూట్ అంటున్నది తమిళుల సురుట్టే. మన చుట్టకు దగ్గరి చుట్టం. క్లీవ్‌లాండ్ ఓడ ఎక్కడానికి ఒక ఏడాది ముందు, 1892లో, విజయనగరంలో కన్యాశుల్కం తొలిసారి ప్రదర్శించారు. గిరీశం చుట్టను మనం నవ్వుతూనే తలచుకుంటాం. ఆ విజయనగరానికి పక్కనే, శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో, చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకొని తాగే అలవాటు ఉంది. అడ్డపొగ అంటారు. తాగేవారిలో ఎక్కువమంది ఆడవాళ్ళు. గాలికి, నీటికి చుట్ట ఆరిపోదనీ, చంటిబిడ్డ మీద నుసి రాలదనీ కారణాలు చెబుతారు. మిగతా లోకంలో గట్టి అంగిలి మీద కేన్సర్ అరుదు. ఇక్కడ అది తరచు. 1957లోనే గోవిందరెడ్డి, రావు అనే వైద్యులు కోస్తా ఆంధ్రలో అడ్డపొగ వల్ల అంగిలికి వచ్చే కేన్సర్ గురించి ఒక భారతీయ వైద్య పత్రికలో రాశారు. 1960ల్లో బొంబాయి టాటా పరిశోధన సంస్థకు చెందిన ఫాలీ మెహతా బృందం, కోపెన్‌హాగన్ ఆచార్యుడు పిండ్‌బోర్గ్‌తో కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి నోళ్ళు చూసింది. 1971లో అచ్చయిన వారి నివేదికలో 10,169 మంది గ్రామస్తుల అంగిళ్ళ లెక్క ఉంది. ఆ నోళ్ళను చూసినవారు దంతవైద్యులు. ఈ సంగతి చెప్పినప్పుడు నా విద్యార్థులు వెన్ను నిటారుగా చేసుకుని కూర్చుంటారు.

1993లో నా ముందు కూర్చున్న ఆవిడ అడ్డపొగ తాగేది. రెండో జవాబు వచ్చిన రోజు కొడుకు నన్ను వరండాలోకి పిలిచి, "అమ్మకి సెప్పకండి బాబూ, బెంగెట్టుకుంటాది" అని చేతులు పట్టుకున్నాడు. సరేనన్నాను. మా దగ్గర అది మామూలు. లోపలికి వెళ్ళేసరికి ఆవిడే అడిగింది: "ఏటి బాబూ, ఆ ముక్క ఏటి సెప్పినాది?"

"పుండేనమ్మా. మందులు వాడితే తగ్గుతుంది," అన్నాను.

"పుండే అయితే మరి నానింటికెల్పోతాను. కోడలు నీళ్ళోసుకున్నాది," అంది. రేడియేషన్ కోసం పక్కవార్డులో మంచం సిద్ధం చేయించాం. ఉండమని కొడుకూ, నేనూ బతిమాలాం. పుండుకి అన్ని రోజులెందుకని ఆవిడ వాదన. మా అబద్ధం ప్రకారం ఆవిడ వాదనే న్యాయం. మర్నాడు పొద్దున మంచం ఖాళీగా ఉంది. ఆవిడ మళ్ళీ రాలేదు.

మొదటి తప్పును వయసు మీదికీ, అనుభవం లేకపోవడం మీదికీ నెట్టవచ్చు. ముక్క ఎక్కడ తీయాలో ఆ తరువాత నేర్చుకున్నాను. బహుశా పాథాలజీలోకి రావడానికి అదీ ఒక కారణం. రెండో తప్పుకు ఆ సాకు లేదు. అంచు నుంచి లోతుగా తీసిన మంచి ముక్క ఆ రోజు నిజమే చెప్పింది. ఆ నిజాన్ని నేను కొడుకు దగ్గర వదిలేసి, ఆవిడకు వేరొకటి చెప్పాను. భయపడుతుందన్నాను, భయపడే అవకాశం ఇచ్చి ఉంటే ఆ మంచం మీద ఉండేదేమో.

ముక్కతో పాటు నా బల్ల మీదికి ఒక పత్రం వస్తుంది. రోగి పేరు, వయసు, ముక్క తీసిన చోటు, పుండు ఎన్నాళ్ళుగా ఉంది, పొగాకు అలవాటు, వైద్యుడి అనుమానం: ప్రతిదానికీ ఒక గడి. ఏటా పాఠం చివర ఆ పత్రాన్ని తెర మీద చూపించి, ఇందులో లేని గడి ఏదో చెప్పమంటాను. ఎవరో ఒకరు పుండు కొలత అంటారు, మరొకరు మందుల జాబితా అంటారు. అవీ ఉండవలసినవే. నేను అడిగేది వేరు: ఈ ముక్క ఎందుకు తీస్తున్నారో మీరు ఆ మనిషికి ఏమని చెప్పారు? జవాబు వచ్చిన రోజు ఎవరు, ఎవరికి చెబుతారు?

ఆ గడిని ఎవరూ అచ్చువేయరు. కత్తి పట్టే ముందు అది నింపుకొమ్మని చెప్పి దీపాలు వేస్తాను.